తొలి చలువ

మొదటి ఎండ, 6వ రోజు. వేడి 46. పూత వేసిన రవికలు 4.

పూతకొట్టు చూసుకునే మనిషి రోజూ దినచర్య రాయాలని నాచుమడుల కమిటీ కొత్త రూలు పెట్టింది. వేడి ఎంత, రవికలు ఎన్ని, గొడవలేమైనా జరిగాయా. అంతే రాయాలట. దీన్ని కొండమీద ఆఫీసులో ఎవరో చదువుతారట. చదివేవారికి నమస్కారం. నా పేరు దాలమ్మ. ఏడో మడి కాలనీలో ఆడవాళ్ళ చలువ రవికలకి ఒంటిని చల్లబరిచే పూత వేసేది నేనే. గొడవలేం లేవు.

ఇవాళ చల్లగానే ఉంది. కొట్టు గొళ్ళెం పట్టుకుంటే చెయ్యి కాలలేదు.

మా అమ్మ గురమ్మ వచ్చి, మనవరాలి రవిక ఎంతవరకు వచ్చిందని అడిగి వెళ్ళింది. మా అమ్మాయి జయంతికి ఈ ఏడాది మూడో ఎండలో పన్నెండు నిండుతాయి. అప్పుడు తొలి రవిక తొడిగే వేడుక. ఇంకా బోలెడు టైముందంటే వినదు. ఇది గొడవ కిందకి వస్తుందో రాదో కమిటీ చెప్పలేదు.

మొదటి ఎండ, 19వ రోజు. వేడి 47. రవికలు 2.

గొడవ జరిగింది. పంపుహౌసులో కొత్తగా చేరినాయన వచ్చి, మగవాళ్ళకి చలువ బనియన్లు ఎందుకివ్వరని నన్ను నిలదీశాడు. మొదట్లో ఇచ్చారు బాబూ అని చెప్పాను. దురద పుడుతోందని మూడోనాడే విప్పి పారేశారు. అప్పట్నించీ మగవాళ్ళ పనులన్నీ నీడపట్టుకి మార్చారు. మాకూ దురద పుడుతుంది. మేం గోక్కుంటూ మడుల్లో నాచు ఏరుతున్నాం.

ఆయన ఊరుకోక, ఇంట్లో అందరికంటే చిన్నదానికే కొత్త రవిక ఎందుకని కూడా అడిగాడు. ఇంటికి ఏడాదికి వచ్చేది ఒక్క కొత్త రవిక. పూత ఒక్కసారే పడుతుంది, ఉతికిన కొద్దీ చలువ తగ్గిపోతుంది. అందుకని తొలి చలువ పిల్లకి, లేదంటే కడుపుతో ఉన్న మనిషికి. ఏడాది తిరిగాక అదే రవిక అక్కకి, ఆ తర్వాత అమ్మకి, చివరికి అమ్మమ్మకి. సాగే గుడ్డ కాబట్టి ఎవరికైనా పడుతుంది. మిగతా ఊళ్ళలో పెద్దవాళ్ళు విడిచినవి చిన్నవాళ్ళకి వేస్తారట. మా దగ్గర చిన్నవాళ్ళు విడిచినవి పెద్దవాళ్ళు వేసుకుంటారు. ఈ ఒక్క విషయంలో మాకు కాస్త గర్వం ఉంది, దాచుకోవడమెందుకు.

పన్నెండేళ్ళు నిండిన పిల్లకి పేరంటం పిలిచి తొలి రవిక తొడుగుతాం. హుక్కులు పెట్టేది మా అమ్మ. ఆవిడ చెయ్యి మంచిదని కాలనీ అంతా నమ్మకం. ఇప్పుడు మడుల్లో దిగే ఆడవాళ్ళలో మా అమ్మ చెయ్యి తగలని వీపు లేదు.

రెండో ఎండ, 2వ రోజు. వేడి 48. రవికలు 3.

మా చెల్లెలు నూకరత్నం కొట్టుకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అప్పా, ఇక్కడ సూడు" అంది.

ఎడమ రొమ్ములో, పక్కగా, శనగగింజంత గట్టిగా తగిలింది. నొక్కితే కదలలేదు.

"నొప్పుందేటే?"

"లేదు. దురదకి గోక్కుంటుంటే సేతికి తగిల్నాది."

"ఎప్పుడు?"

"మొదటెండలోనే."

"అప్పుడే సెప్పొద్దేటే? నోరు పడిపోనాదా?"

"కోత జోరుగున్నాది కదప్పా. ఎవులికి సెప్పేది."

నేను నానా తిట్లూ తిట్టాను. రత్నం నవ్వుతూ నిలబడింది. తిట్టడం అయిపోయాక నాకు భయమేసింది. భయం సంగతి ఇక్కడ రాయాలో వద్దో తెలీదు, రాశాను.

రత్నానికి ముప్పై ఆరు. ఆ ఈడువాళ్ళలో ఇది మూడో మనిషి. పైడమ్మకి రొమ్ము కోశారు. సన్యాసమ్మ పోయింది. మా అమ్మ ఈడు ముసలమ్మలు మాత్రం గుండ్రాళ్ళలా ఉన్నారు. ఈ కాలం పిల్లల్లో సత్తువ లేదని వాళ్ళ తీర్మానం. సాయంత్రం అరుగుల మీద కూచుని ఆ తీర్మానం రోజూ మళ్ళీ చేస్తుంటారు.

రెండో ఎండ, 11వ రోజు. వేడి 48. రవికలు 1.

డాక్టర్ పడవ వచ్చింది. ఎండతో నడిచే పడవ, కాబట్టి ఆగిపోయే ప్రశ్న లేదు. డాక్టర్ రుక్సానా గారు రత్నాన్ని చూసి, సూది గుచ్చి ముక్క తీసుకున్నారు. ఫలితం కొండమీద నించి రావాలి.

ఇవాళ పూత వేసిన ఒక్క రవికా జయంతిదే. అమ్మ పోరు పడలేక ముందే వేసేశాను. అంచుకి ఆకుపచ్చ దారం కుట్టాను. బాగా కుదిరింది.

రెండో ఎండ, 40వ రోజు. వేడి 49. రవికలు లేవు.

రత్నానిది క్యాన్సరే. డాక్టరమ్మే పడవలో వచ్చి చెప్పారు. వచ్చే పడవలో కొండమీద ఆపరేషన్‌కి తీసుకెళ్తారు. రత్నం "సరేనమ్మా" అని, నాచుబుట్ట తెచ్చుకోడానికి మడికి వెళ్ళిపోయింది. నేను కొట్లోకి వచ్చేశాను.

డాక్టరమ్మ నా వెనకాలే వచ్చారు.

"దాలమ్మగారూ, ఈ ఊరు నాకు అర్థం కావడంలేదు. ముప్పైల్లో ఉన్నవాళ్ళకి ఇన్ని రావడమేమిటి? రవికలమీద అనుమానం వచ్చింది. కానీ కొండమీద పరీక్ష చేసినప్పుడల్లా ఏమీ లేదనే తేలింది."

"పరీక్షకి ఎవరివట్టుకెల్లినారమ్మా?"

"పెద్దవాళ్ళవే. మీ అమ్మగారి ఈడువాళ్ళవి. ఎక్కువ ఏళ్ళుగా వేసుకుంటున్నది వాళ్ళే కదా. వాళ్ళ రవికల్లోనే ఏమీ లేనప్పుడు, వాళ్ళు విడిచినవి వేసుకునే పిల్లలకి ఏముంటుంది?"

నాకు నవ్వొచ్చింది.

"ముసిలోళ్ళిడిసినవి పిల్లలకెందుకేస్తాం? పిల్లలకి కొత్తదేస్తామమ్మా. ఆళ్ళు ఇడిసిందే ముసిలోళ్ళకి. మీరట్టుకెల్లినవి నాలుగు చేతులు మారి పీలికలైపోయినవి. ఆటిలో చలువేటి, ఏటీ లేదు."

నవ్వుతూనే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. పీట లాక్కుని కూచున్నారు. ఆవిడ మొహం చూసి నా నవ్వూ ఆగిపోయింది.

"కొత్తది ఎన్నో ఏట వేస్తారు?"

"పన్నెండో ఏట."

"ఉతికి వేస్తారా?"

"ఉతికితే తొలి చలువ పోదేటి?"

"పిల్లలకేనా, ఇంకెవరికైనా వేస్తారా?"

"కడుపుతో ఉన్నోళ్ళకి."

"మీ చెల్లెలికి?"

"రెండు మార్లూ. పన్నెండో ఏటోసారి, కొడుకు కడుపులో ఉన్నప్పుడోసారి."

ఆవిడ కళ్ళజోడు తీసి ఒడిలో పెట్టుకుని వివరంగా చెప్పారు. రొమ్ము పెరిగే వయసు ఒకటి, పాలకి సిద్ధమయ్యే నెలలు ఒకటి, ఆ రెండు సమయాల్లోనే బయటి పదార్థాలు దానికి ఎక్కువ హాని చేస్తాయట. ఆ హాని బయటపడేది పాతికేళ్ళకి, ముప్పైయేళ్ళకి. మేం సరిగ్గా ఆ రెండు సమయాలూ ఏరి మరీ కొత్త రవిక తొడుగుతున్నాం.

"అయితే మా రత్నానికి దీనివల్లేనా?"

"మీ చెల్లెలికి దీనివల్లే వచ్చిందని నేను చెప్పలేను. ఒక్క మనిషి విషయంలో ఎవరూ చెప్పలేరు. ఈ పూత వల్ల మీ అందరికీ ముప్పు పెరిగిందా అంటే, పెరిగిందనే నా అనుమానం. కొత్త రవిక ఒకటివ్వండి. పరీక్ష చేయిస్తాను."

కొట్లో ఉన్న కొత్తది జయంతిది ఒక్కటే. అదే చుట్టి ఇచ్చాను.

రెండో ఎండ, 71వ రోజు. వేడి 49. రవికలు లేవు.

పరీక్షలో తేలింది, కొత్త రవికలో ఉంది. పూతలో ఉన్న పదార్థం ఆడవాళ్ళ ఒంట్లో ఊరే హార్మోను వేషం వేస్తుందట. ఒళ్ళు పోల్చుకోలేక అది మన మనిషే అనుకుని లోపలికి రానిస్తుందట. కొత్త రవికలో మెండుగా ఉంది, ముప్పైసార్లు ఉతికినదాంట్లో దాదాపు లేదు.

కమిటీ వెంటనే కదిలింది. అవగాహన సదస్సు పెట్టింది. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు నేలమీద. అధ్యక్షులు పోలినాయుడు గారు మాట్లాడారు. రొమ్ము అనే మాట నోట రాక "స్త్రీలకు సంబంధించిన ఆ భాగం" అన్నారు. రెండోసారి "ఆ విషయం" అన్నారు. మూడోసారికి "అది" అయింది. వెనక కూచున్న ముసలమ్మలు ఆయన దేని గురించి చెబుతున్నాడో తెలీక, మరుగుదొడ్ల గురించి అనుకుని చప్పట్లు కొట్టారు.

చివర్లో కొట్టు గోడకి నోటీసు అంటించారు. కొత్త రవికలను ముప్పైసార్లు ఉతికిన పిమ్మట మాత్రమే ధరించవలెను.

నేను లేచి అడిగాను.

"ఉతికిన నీళ్ళు ఎక్కడికెల్తాయి బాబూ?"

"కాలవలోకి."

"కాలవ?"

"మడుల్లోకి."

"మడుల్లో నాచు ఎవులు తింటారు?"

"కొండమీదోళ్ళు" అని పోలినాయుడు గారు గభాలున చెప్పి, చెప్పాక ఆలోచనలో పడ్డారు.

రెండో ఎండ, 76వ రోజు. వేడి 50. రవికలు లేవు.

ఆడవాళ్ళ సంగతి కొండమీద తేలడానికి పాతికేళ్ళు పట్టింది. నాచు సంగతి ఐదో రోజుకే తేలిపోయింది. కొత్త నోటీసు వచ్చింది. మడుల నీటి భద్రత దృష్ట్యా కొత్త రవికలను ఉతకరాదు.

పాత నోటీసు ఎవరూ పీకలేదు. గోడమీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఉతకవలెను. ఉతకరాదు. కింద సంతకం ఒక్కరిదే.

రత్నానికి ఆపరేషన్ అయిందని కబురొచ్చింది. ఎడమవైపు మొత్తం తీసేశారు.

మూడో ఎండ, 1వ రోజు. వేడి 50. రవికలు లేవు, ఉండవు.

కొట్టుకి తాళం వేశాను. పోలినాయుడు గారు ఎండలో నడుచుకుంటూ వచ్చారు. మామూలుగా ఆయన నీడ దాటి రారు.

"దాలమ్మా, కొట్టు తియ్యి."

"తియ్యను బాబూ."

"ఆడోళ్ళు ఎండకి పడిపోతే ఆ పాపం నీదే."

ఆ మాట ఉత్తినే అనలేదు. పూత లేని ఏళ్ళలో మడుల్లో ఎంతమంది కుప్పకూలారో మా అమ్మ చెబుతుంది, పేర్లతో సహా. ఎండ మనిషిని ఆ పూటే చంపుతుంది. పూత పాతికేళ్ళు ఆగి చంపుతుంది. ఆయన లెక్కలో పాతికేళ్ళ తర్వాత చచ్చేవాళ్ళు వేరే ఊరివాళ్ళు.

"పొద్దెక్కక ముందు ఏరతాం, పొద్దు వాలినాక ఏరతాం. పాత రవికలే ఏసుకుంటాం" అన్నాను.

"కోత సగమైపోద్ది."

"అవుద్ది."

"కొండమీదోళ్ళకేటి సెప్పమంటావు?"

"కొత్తయి ఉతకొద్దన్నారు కదా, అందుకని ఏసుకోడం మానేసినామని సెప్పండి."

ఆయన ఎండ పడక వెళ్ళిపోయారు.

మూడో ఎండ, 9వ రోజు. వేడి 49.

రత్నం వచ్చింది. ప్రస్తుతం మా ఇంట్లోనే ఉంటోంది. జబ్బు మళ్ళీ వస్తుందో రాదో చూస్తూ ఉండాలన్నారట. చూస్తూ ఉండడమంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

అమ్మ వేడుక కోసం దాచిన బియ్యం చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతూ, "జయంతి గుంట రవికేదే, ఇంకా సూపించవేటి?" అంది. ఇన్నాళ్ళూ అమ్మకి ఎవరం చెప్పలేదు. సదస్సులో ఆవిడా చప్పట్లు కొట్టినవాళ్ళలో ఉంది. ఇంక దాటవెయ్యడం కుదరక, ఉన్నదున్నట్టు చెప్పాను. పూత సంగతి, పన్నెండేళ్ళ సంగతి, కడుపుతో ఉన్నప్పటి సంగతి.

అమ్మ తల ఎత్తలేదు.

"రత్నానికి నానే తొడిగినాను" అంది. "దురదమ్మా, ఒద్దమ్మా అని ఏడిస్తే, ఈపు మీద ఒక్కటేసి మరీ తొడిగినాను."

పూత వచ్చేసరికి నాకు పన్నెండు దాటిపోయాయి. ఆ రవిక కోసం, పందొమ్మిదేళ్ళదాన్ని, సిగ్గు లేకుండా రెండ్రోజులు అన్నం మానేసి పడుకున్నాను. చిన్నదాన్నే ముద్దు చేస్తావని అమ్మని అనరాని మాటలన్నాను. జయంతి కడుపులో ఉన్నప్పుడు నేనూ తొడుక్కున్నాను, అయినా ఇప్పుడు నా ఒళ్ళు బాగుంది. బాగున్నందుకు ఎక్కడ మొహం పెట్టుకోవాలో తెలీటంలేదు.

మంచం మీంచి రత్నం అంది, "అమ్మా, ఆ యేడు నాకెంత సల్లగుండేదో తెలుసా? మడిలో అందరూ సొమ్మసిల్లిపోతుంటే నానొక్కదాన్నే పాటలు పాడుకుంటా ఏరీదాన్ని. నీ మీద కోపమేటీ లేదు నాకు."

అమ్మ ముక్కు చీదుకుని మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. ఏరిన రాళ్ళు తిరిగి బియ్యంలోనే వేస్తోంది. మేం చూస్తూ ఊరుకున్నాం. ఆ పూట అన్నంలో రాళ్ళు తగిలాయి, ఎవరూ పైకి అనలేదు.

మూడో ఎండ, 15వ రోజు. వేడి 50.

అమ్మ తెల్లారగానే బయల్దేరింది. ఈ ఏడూ పోయినేడూ తను హుక్కులు పెట్టిన ప్రతి ఇంటికీ వెళ్ళి, తన చేత్తోనే హుక్కులు తీసి, రవిక విప్పించుకొచ్చింది. కారణం అడిగితే, "నాను తొడిగినాను, నానే ఇప్పుతాను" అందట. అంతకుమించి చెప్పలేదు. డెబ్భై ఒకటేళ్ళ మనిషి ఎండలో గుమ్మం ముందు నిలబడి ఆ మాటంటే కాదనడం కష్టం.

ఏడో నెల కడుపుతో ఉన్న వరాలు మాత్రం ఒప్పుకోలేదు.

"దీన్నిప్పేస్తే ఈ ఎండకి నానేటైపోవాల పెద్దమ్మా?"

అమ్మ వరాలు చెయ్యి పట్టుకుని తిన్నగా పంపుహౌసుకి తీసుకెళ్ళిందట. ఫ్యాను కింద కుర్చీలో ఉన్న కొత్తాయన్ని లేపి, వరాల్ని కూచోబెట్టిందట. మీటలు తిప్పడం వరాలు అరపూటలో నేర్చుకుంది. ఆ కొత్తాయన ఇప్పుడు మడిలో నాచు ఏరుతున్నాడు. ఎండ గురించి చాలా చెబుతున్నాడు.

పోలినాయుడు గారి మనవరాలి రవిక రాలేదు. మధ్యాహ్నం ఆయనే కాగితంలో చుట్టి, మా పెరటివైపు నించి వచ్చి ఇచ్చి వెళ్ళారు. ఈ సంగతి దినచర్యలో రాయొద్దన్నారు. రాశాను.

మొత్తం పదమూడు వచ్చాయి. వాటినేం చెయ్యాలని కొండమీదకి అడిగాం. ఉతకరాదు, కాల్చరాదు, పాతిపెట్టరాదు అని జవాబొచ్చింది. కొట్లో తాడుకి వేలాడదీసి తాళం వేశాం. కొట్టు మాత్రం భలే చల్లగా ఉంది.

మూడో ఎండ, 22వ రోజు. వేడి 51.

ఇవాళ జయంతి వేడుక.

దానికి తొడిగే రవిక మా అమ్మ ఒంటిమీద నించి తీసినదే. రంగు పోయి, చంకల్లో అతుకులు వేసి ఉంది. చలువన్నది అందులో లేనే లేదు. అదే మేం కోరింది. పేరంటాళ్ళు రవికని చూశారు, నన్ను చూశారు, పసుపు అందుకున్నారు. వాళ్ళలో నలుగురు నెలలోపు తమ పిల్లలకీ ఇలాంటిదే వెతుక్కోవాలి.

హుక్కులు పెట్టే సమయానికి అమ్మ వెనక్కి తగ్గింది.

"నా సెయ్యొద్దు. ఇంకెవులిసేతైనా పెట్టించండి."

ఎవరూ ముందుకి రాలేదు. జయంతి ముందే వీపు తిప్పుకుని కూచుంది.

"అమ్మమ్మా, తొందరగా పెట్టు. ఉక్కపోస్తంది" అంది.

అమ్మ పెట్టింది. ఏడుస్తూనే పెట్టింది. ఈసారి నేనూ ఏడ్చాను, పేరంటాళ్ళు చూస్తున్నా.

పాటలు అయ్యేసరికి జయంతి తల మీంచి చెమట కారి ముఖాన కుంకుమంతా చెరిగిపోయింది. పిల్ల మొహం కందగడ్డలా అయింది. దాని ఈడులో రత్నం ఇలా చెమట పట్టలేదు, చల్లగా కూచుని నవ్వింది, నాకు బాగా జ్ఞాపకం. ఇప్పుడు ఈ పిల్లకి తడిగుడ్డ వేసి, నీళ్ళు తాగించి, ఎండలోకి పోనివ్వకుండా కాపలా కాయాలి. రోజూ కాయాలి. ఆ కాపలాకి పూత ఏదీ లేదు.

రత్నం మంచం మీంచి లేచి వచ్చి, జయంతి పక్కన నేలమీద కూచుని విసనకర్ర తీసుకుంది. ఎడమ చెయ్యి ఇంకా పైకి లేవదు, కుడిచేత్తోనే విసరడం మొదలుపెట్టింది. కాసేపటికి చెయ్యి లాగుతున్నట్టుంది, వేగం తగ్గింది. నేను ఇంకో విసనకర్ర పట్టుకుని ఇటు పక్కన కూచున్నాను.

"ఆపకు పిన్నీ" అంది జయంతి, కళ్ళు మూసుకునే.

"ఆపనే" అంది రత్నం.